ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెబుతున్నాను, పిల్లలు పెరగడం లేదు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాను, తర్వాత బరంపురంలో ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను. పాప పుట్టాక బయట ఉద్యోగానికి వెళ్లే వీలు లేక రెండేళ్లుగా ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెబుతున్నాను. నెలకు 800 రూపాయలు తీసుకుంటాను. ఇప్పటిదాకా పదకొండు మంది చేరారు, ఐదుగురే మిగిలారు. ఫేస్‌బుక్‌లో మూడు వేలు పెట్టి ప్రకటన ఇస్తే ఫోన్లయితే చాలా వచ్చాయి కానీ చేరింది ఒక్కరే. ఆ ప్రకటన జత చేశాను, చూడండి. క్లాసులో తెలుగు, ఒడియా కలుపుతున్నానని ఒక తండ్రి వాళ్లబ్బాయిని మానిపించేశారు. నాకు విదేశీ యాక్సెంట్ కూడా లేదు. ఫీజు తగ్గించాలా? విదేశీ ప్లాట్‌ఫామ్‌లలో చేరాలా? విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి చెప్పాలా? యూట్యూబ్ ఛానల్ పెట్టాలా? ఇక్కడ ఒక ప్రైవేట్ స్కూలు వాళ్లు టీచరుగా రమ్మంటున్నారు. ఒప్పేసుకో అంటున్నారు మావారు. ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను.
- ఒక సోదరి, పర్లాకిమిడి

సమాధానం:

చెల్లెమ్మా, మీరు అడిగినవన్నీ కొత్త పిల్లలను ఎలా రప్పించాలనే. మీ ఉత్తరం చదువుతుంటే నాకు మాత్రం వెళ్లిపోయిన ఆ ఆరుగురి దగ్గరే మనసు ఆగిపోయింది. పదకొండు మందిలో ఆరుగురు మానేశారంటే ముందు చూడాల్సింది అక్కడే. అది సరిచేయకుండా ప్రకటనల మీద డబ్బు పెడితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే అవుతుంది.

అందుకని ఈ వారంలోనే ఆ ఆరుగురి ఇళ్లకూ ఫోన్ చెయ్యండి. 'ఎందుకు మాన్పించారు' అని అడగొద్దు. అలా అడిగితే మొహమాటానికి 'పరీక్షలండీ', 'టైం కుదరలేదండీ' అంటారు. 'బాబు ఎలా చదువుతున్నాడు? స్కూల్లో ఇంగ్లిష్ పాఠం చదవమంటే చదవగలుగుతున్నాడా?' అని అడగండి. మళ్లీ చేర్చమని మాత్రం అనకండి. మాట మాటగా సాగనిస్తే అసలు కారణం అదే బయటపడుతుంది. బరంపురంలో చాలా ఏళ్లు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పిన అనుభవంతో అంటున్నాను, తల్లిదండ్రులు ఫీజు ఎక్కువని మాన్పించడం తక్కువ. పిల్లవాడికి ఏం వస్తోందో వాళ్ల కంటికి కనపడకపోతేనే మాన్పిస్తారు.

ఆన్‌లైన్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ట్యూషన్‌కి పంపితే పిల్లవాడు పుస్తకాల సంచి తగిలించుకుని వెళ్లి వస్తాడు, నోటుపుస్తకం నిండుతుంది. ఆన్‌లైన్ క్లాసంటే ఆ తల్లికి కనిపించేది గదిలో మూల కూర్చుని ఫోన్ పట్టుకున్న పిల్లాడే. వింటున్నాడో, గేమ్ ఆడుతున్నాడో ఆవిడకు తెలియదు. ఇంగ్లిష్ రాదు కాబట్టి పక్కన కూర్చుని విన్నా తెలియదు. నెలాఖరుకి 800 పంపేటప్పుడు 'ఏం నేర్చుకున్నాడు?' అన్న ప్రశ్నకు ఆవిడ దగ్గర సమాధానం ఉండదు. దాన్ని ఆవిడ చేతిలో పెట్టాల్సింది మీరే.

దానికి నాకు తెలిసిన మేలైన పద్ధతి ఒకటుంది. పిల్లవాడు చేరిన రోజున వాడి స్కూలు పుస్తకంలోంచే ఐదారు వాక్యాల పేరా ఒకటి గట్టిగా చదివించి రికార్డు చెయ్యండి. తప్పులు దిద్దకండి, తడబడినచోట అందించకండి. నెల తర్వాత అదే పేరా మళ్లీ చదివించండి. రెండు ఆడియోలూ ఒకదాని కింద ఒకటి తల్లి వాట్సాప్‌కి పంపండి. మొదటిదాంట్లో పిల్లవాడు ఒక్కో మాట దగ్గర ఆగుతూ, గొంతు తగ్గిస్తూ, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటూ ఉంటాడు. రెండోదాంట్లో వాక్యం వాక్యంలా వినిపిస్తుంది. ఈ తేడా పట్టుకోవడానికి తల్లికి ఇంగ్లిష్ రానక్కరలేదు. వెంటనే మీ గొంతుతో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. వాళ్లింట్లో తెలుగైతే తెలుగులో, ఒడియా అయితే ఒడియాలో. 'ఈ నెల ఇది వచ్చింది, ఇది ఇంకా రాలేదు, వచ్చే నెల దీని మీద పని చేస్తాం' అని చెప్పండి. రాలేదన్నది దాచకండి. దాచని టీచరు మాట మీదే నమ్మకం కుదురుతుంది. ఆ ఆడియోలు ఆవిడ తన అక్కకి వినిపిస్తుంది, పక్కింటావిడకి వినిపిస్తుంది. మీ మూడు వేల ప్రకటన చెయ్యలేని పని అక్కడ జరుగుతుంది.

ఇక మీరు పంపిన ప్రకటన. 'స్పోకెన్ ఇంగ్లిష్, గ్రామర్, ఐఈఎల్‌టీఎస్, ఇంటర్వ్యూ స్కిల్స్. అన్ని వయసుల వారికీ. 50 శాతం తగ్గింపు' అని ఉంది. చదివినవాళ్లలో ఒక్కరికైనా 'ఇది మా పిల్లవాడి కోసమే' అనిపించే మాట అందులో ఏదీ లేదు. హైదరాబాద్ వాళ్లూ, భువనేశ్వర్ వాళ్లూ, ఫిలిప్పీన్స్ వాళ్లూ ఇవే మాటలతో ప్రకటనలు ఇస్తున్నారు. వాళ్లకు పెద్ద యాప్‌లున్నాయి, డబ్బుంది. వాళ్ల వరసలో నిలబడితే మీరు కనపడరు. తగ్గింపు అనగానే ఫోన్లు వస్తాయి, ఆ ఫోన్లన్నీ బేరానికి వచ్చినవే.

మీ దగ్గర వాళ్లెవరికీ లేనిది ఉంది. మీ ఉత్తరంలో రెండో వాక్యం, మూడో వాక్యం మళ్లీ చదువుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ తర్వాత ఇంగ్లిష్. ఈ దారిలో నడిచి ఎం.ఏ. దాకా వెళ్లారు మీరు. సరిగ్గా ఇదే దారిలో ఇప్పుడు ఎంతమంది పిల్లలు ఇరుక్కుని ఉన్నారో ఒకసారి ఆలోచించండి.

ఒడిశా ప్రభుత్వం 2016 నుంచి నడుపుతున్న ఆదర్శ విద్యాలయాలు మీకు తెలియనివి కావు. బ్లాకుల్లో పెట్టిన బడులు, ఇంగ్లిష్ మీడియం, సీబీఎస్ఈ సిలబస్. ఆరో తరగతిలోకి ప్రవేశ పరీక్ష. ఐదో తరగతి దాకా ఊళ్లో ఒడియా మీడియంలో చదివిన పిల్లవాడు పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటాడు. ఇంట్లో అందరూ సంబరపడతారు. ఏప్రిల్‌లో బడికి వెళ్తే సైన్సు, సోషలు, లెక్కలు అన్నీ ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో. వాడు తెలివైనవాడే, తెలివి లేకపోతే సీటే రాదు. ప్రశ్నకి జవాబు తెలుసు, ఒడియాలో అడిగితే టకటకా చెబుతాడు. ఇంగ్లిష్‌లో అడిగేసరికి తల దించేసుకుంటాడు. ఇంటికొచ్చి అమ్మని అడిగితే ఆవిడకి తెలుగు తప్ప రాదు. మూడు నెలల్లో ఆ పిల్లవాడికి 'నాకు చదువు రాదు' అన్న అభిప్రాయం మనసులో పడిపోతుంది. ఇది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ లోపం పిల్లవాడిలో లేదు, ఆ మూడు నెలలు చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి లేకపోవడంలోనే ఉంది.

ఆ మనిషి మీరు కావచ్చు. ప్రైవేట్ ఇంగ్లిష్ మీడియం బడుల్లోకి మధ్యలో మారే పిల్లలదీ ఇదే అవస్థ. ఇలాంటి తెలుగిళ్ల పిల్లలు ఒక్క ఊళ్లో పదిమంది దొరకరు. కాశీనగర్‌లో ఇద్దరు, గుణుపురంలో ముగ్గురు, రాయగడలో, జయపురంలో, ఛత్రపురంలో తలా కొందరు ఉంటారు. ట్యూషన్ సెంటర్ పెడితే వీళ్లెవరూ మీ దగ్గరకు రాలేరు. ఆన్‌లైన్ కాబట్టే ఇంత దూరాన చెదిరి ఉన్న పిల్లల్ని ఒక బ్యాచ్‌లో కూర్చోబెట్టగలరు. ఆన్‌లైన్‌లో చెప్పడం వల్ల మీకు నిజంగా కలిసొచ్చేది ఇదే, అమెరికా విద్యార్థులు కాదు.

కాబట్టి ప్రకటన మార్చండి. 'ఒడియా మీడియం నుంచి ఆరో తరగతిలో ఇంగ్లిష్ మీడియంకి మారుతున్న పిల్లలకు. సైన్సు, సోషల్ పాఠాలు చదివి అర్థం చేసుకుని, సొంతంగా జవాబు రాసేలా నేర్పుతాను. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ వచ్చిన టీచర్' అని ఉంటే చాలు. తెలుగు లిపిలో ఒకటి, ఒడియా లిపిలో ఒకటి వేయించండి. ఇంగ్లిష్‌లో వేయించకండి. చదవాల్సింది తల్లిదండ్రులు.

మీకు ఇది చిన్న గిరిగీసుకున్నట్టు అనిపించవచ్చు. మిగతావాళ్లు పోతారేమోనని భయం కూడా వేస్తుంది. పోరు. ఆరో తరగతి పిల్లవాడు బాగుపడితే వాడి అక్క డిగ్రీ ఇంటర్వ్యూకి మీ దగ్గరకే వస్తుంది. పేరు ఒక దాంట్లో వస్తే మిగతావి వెతుక్కుంటూ వస్తాయి.

ఇప్పుడు మిమ్మల్ని బాగా నొప్పించిన విషయానికి వస్తాను, ఆ మానిపించిన తండ్రి సంగతి. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. డబ్బు కడుతున్నది ఇంగ్లిష్ కోసం, పక్కగదిలోంచి వింటే తెలుగు వినిపిస్తోంది. టీచరు కబుర్లు చెబుతోందేమో అనుకున్నారు. ఆయనకు ముందుగా చెప్పి ఉండాల్సింది, తెలుగు ఎంతసేపు, ఎందుకు, ఎప్పటికి తగ్గుతుంది అని. చేరిన రోజే ప్రతి తల్లిదండ్రులకూ చెప్పండి: 'మొదటి నెల సగం క్లాసు మీ భాషలో ఉంటుంది, మూడో నెలకి పావు వంతు. చివరి పదిహేను నిమిషాలు మాత్రం మొదటి రోజు నుంచీ పూర్తిగా ఇంగ్లిష్‌లోనే.' ఆ పదిహేను నిమిషాల నియమం తప్పకండి. పిల్లవాడు మాటలు వెతుక్కుంటూ ఉంటే మీరు తొందరపడి తెలుగులో అందించకూడదు. కావాలంటే అప్పుడొచ్చి వినమని తండ్రికే చెప్పండి.

అయితే భాషలు కలపడం తప్పని మాత్రం అనుకోవద్దు. మీకున్న బలమే అది, దాన్ని ఇంకా బాగా వాడాలి. ఒక్క ఉదాహరణ చెబుతాను. మన పిల్లలకు ఇంగ్లిష్‌లో 'అ', 'ద' ఎక్కడ వాడాలో అస్సలు పట్టుబడదు. 'ఐ రెడ్ అ బుక్' అనాల్సినచోట 'ఐ రెడ్ బుక్' అంటారు. తెలుగులో అలాంటివి లేవు కాబట్టి హైదరాబాద్ టీచరు ఎంత చెప్పినా అది బట్టీ పట్టే రూలుగానే మిగులుతుంది. ఒడియాలో ఉన్నాయి కదా! 'గొటిఏ బహి' అంటే ఏదో ఒక పుస్తకం. 'బహిటి' అంటే మనం అనుకుంటున్న ఆ పుస్తకం. మీ పిల్లవాడు రోజూ బడిలో తడుముకోకుండా ఈ తేడా వాడుతూనే ఉన్నాడు. 'కథలో మొదటిసారి పుస్తకం మాట వచ్చినప్పుడు నువ్వు గొటిఏ బహి అంటావు, అక్కడ అ బుక్. రెండోసారి బహిటి అంటావు, అక్కడ ద బుక్' అని చెప్పి, చిన్న కథ ఒకటి ముందు ఒడియాలో చెప్పించి, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పించండి. అన్ని చోట్లా ఇది పనికిరాదు, సూర్యుడి దగ్గర, నదుల పేర్ల దగ్గర వేరే సంగతులున్నాయి. అయినా చాలా తప్పులు అక్కడికక్కడే పోతాయి.

ఉచ్చారణ కూడా అంతే. బడిలో ఒడియా స్నేహితుల మధ్య పెరిగిన పిల్లలు 'వెరీ'ని 'భెరీ' అంటారు, 'షి'ని 'సి' అంటారు. ఒడియా మాటలో వ, బ కలిసిపోతాయి, శ, ష, స మూడూ ఒకేలా పలుకుతారు. తెలుగింటి పిల్లవాడికి ఇంట్లో వ ఉంది, శ ఉంది. 'వంకాయలో వ పలుకు, శనివారంలో శ పలుకు' అంటే చాలు, నాలుక దానంతటదే తిరుగుతుంది. తెలుగు వల్ల వచ్చే తప్పులు వేరు: 'ఎగ్'ని 'యెగ్' అంటారు, 'బస్'కి చివర ఉకారం తగిలించి 'బస్సు' అంటారు. వాటికి ఒడియా సాయపడుతుందో లేదో మీకే బాగా తెలుస్తుంది. ఇంత దగ్గరగా పిల్లవాడి నోటిని చూసి తప్పు ఎక్కడ పుడుతోందో చెప్పగల టీచరు ఎంత పెద్ద యాప్‌లోనూ దొరకరు. విదేశీ యాక్సెంట్ లేదని బెంగపడుతున్నారు, వదిలెయ్యండి. స్పష్టంగా, ఎవరికైనా అర్థమయ్యేలా మాట్లాడితే చాలు.

మీ ఊళ్లోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పినవారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష పట్టుబట్టి నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. పిల్లవాడికి వచ్చిన భాషలోంచి రాని దాంట్లోకి తీసుకెళ్లాలన్నది ఆయన పట్టుదల. మీరు చేస్తున్నదీ అదే పని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వచ్చేసారి ఎవరైనా తండ్రి అడిగితే ఆయన పేరు చెప్పండి. పర్లాకిమిడిలో ఆ పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు.

ఫోన్లు వచ్చినా చేరకపోవడానికి కారణం ఒకటి నాకు తోస్తోంది. 'ఫీజెంత?' అంటారు, మీరు 'ఎనిమిది వందలు' అంటారు, 'సరే చూస్తాం' అని పెట్టేస్తారు. ఇంతేనా? ఫీజు దాచమని కాదు, చెప్పండి. చెప్పిన వెంటనే 'బాబు ఏ తరగతి? ఏ బడి? ఇంగ్లిష్ పుస్తకం చదవగలడా, చదివినా అర్థం కావడం లేదా?' అని అడగండి. ఈ ప్రశ్న వినగానే తల్లి తన బాధ చెప్పుకోవడం మొదలుపెడుతుంది. ఆవిడ మాట మధ్యలో అడ్డు రాకుండా వినండి. తర్వాత డెమో క్లాసుకి టైం ఇవ్వండి, ఆ రోజో మరునాడో. వారం తర్వాతంటే చల్లారిపోతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో అడిగినవాళ్లు, డెమో అయినవాళ్లు, చేరినవాళ్లు అని లేబుల్స్ పెట్టుకోండి. లేకపోతే పాపతో ఇంటిపనిలో పడి ఎవరికి తిరిగి ఫోన్ చెయ్యాలో మర్చిపోతారు. ఇలా జారిపోయేవాళ్లే ఎక్కువమంది ఉంటారు.

డెమోలో మీ గురించి చెప్పకండి. అరగంటలో ఇరవై నిమిషాలు పిల్లవాడే మాట్లాడాలి, చదవాలి. మిగతా పది నిమిషాల్లో వాడికి ఒక్కటే ఒక్క విషయం నేర్పండి, ఆ రోజు రాత్రి ఇంట్లో వాడు చేసి చూపించగలిగేది. పైన చెప్పిన బహి, బహిటి పాఠం దానికి బాగుంటుంది. డెమో అయ్యాక తల్లికి చెప్పేటప్పుడు పిల్లవాణ్ణి పక్కన ఉంచి తప్పుల చిట్టా విప్పకండి. ఆ చిన్న మనసు అక్కడే ముడుచుకుపోతుంది, మరునాడు నుంచి ఫోన్ దగ్గరకే రాడు.

పిల్లలు ఎక్కడ దొరుకుతారంటారా, మీరు ఫేస్‌బుక్‌లో వెతుకుతున్నారు కానీ వాళ్ల తల్లిదండ్రులు జిరాక్సు షాపులో నిలబడి ఉన్నారు. ఆరో తరగతి ప్రవేశానికి కాగితాలన్నీ అక్కడే జిరాక్సు తీయించుకుంటారు, అప్లికేషన్లు అక్కడే నింపిస్తారు. ఆ షాపాయన్ని అడిగి ఒడియాలో, తెలుగులో వేయించిన కాగితం అంటించండి. గుణుపురం, కాశీనగర్‌లలో మీకు చుట్టాలు ఉండే ఉంటారు, అక్కడా ఒకటి అంటించమనండి. మీకు ఒడియా మీడియంలో పాఠం చెప్పిన పాత మాస్టార్లు ఉంటారుగా, వెళ్లి నమస్కారం పెట్టి, ఏం చేస్తున్నారో చెప్పండి. ఐదో తరగతి మాస్టారికి తన పిల్లల్లో ఎవరికి సీటు వచ్చిందో, ఎవరింట్లో తెలుగు మాట్లాడతారో తెలుసు. ఆయన ఒక్క మాట చెబితే తల్లిదండ్రులు రెండో ఆలోచన చెయ్యరు. కమీషన్ లాంటివి మాత్రం మాస్టార్ల దగ్గర ఎత్తవద్దు, గౌరవం పోతుంది.

సమయం కూడా చూసుకోవాలి. సీబీఎస్ఈ బడుల్లో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఒడిశాలో ఎండల రోజుల్లో ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం పిల్లలు ఇంట్లోనే ఉంటారు. మీకు మంచి కాలం ఇదే. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలో పాతపట్నం వైపు బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, అటువాళ్లకు మే నెలాఖరులో చెప్పాలి. పరీక్షల నెలల్లో ఎంత ప్రయత్నించినా ఎవరూ కొత్తగా చేరరు. ఆ రోజుల్లో ఉన్న పిల్లలకు పరీక్షల సాయం చెయ్యండి.

ఫీజు తగ్గించకండి. 800కి ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నట్టయితే అది మీకే గిట్టదు. ఒకే స్థాయి పిల్లలు నలుగురైదుగురిని ఒక బ్యాచ్ చేసి ఆ 800 ఉంచండి, విడిగా కావాలన్నవాళ్లకు రెండింతలు చెప్పండి. వేరు వేరు స్థాయిల వాళ్లను కలిపితే వచ్చినవాడు విసుగుతో, రానివాడు సిగ్గుతో మానేస్తారు. ఉచిత జూమ్‌లో మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది, ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే గూగుల్ మీట్ గంట దాకా నడుస్తుంది. 45 నిమిషాల క్లాసు మీట్‌లో పెట్టుకుంటే రూపాయి ఖర్చుండదు. కొండ బ్లాకుల్లో నెట్‌వర్క్ ఎప్పుడు పోతుందో తెలియదు, అందుకని పాఠం ముఖ్యాంశాలు రెండు నిమిషాల ఆడియోగా బ్యాచ్ గ్రూపులో పెట్టండి. క్లాసు పోయిందన్న గొడవ రాదు.

విదేశీ ప్లాట్‌ఫామ్‌ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ఈ పరిస్థితికి అవి నప్పవు. ప్రెప్లీ లాంటి చోట ట్రయల్ క్లాసు డబ్బు మొత్తం కంపెనీకే పోతుంది, తర్వాతి క్లాసుల మీద మొదట్లో 33 శాతం కమీషన్, మీరు చెప్పే గంటలు పెరిగేకొద్దీ అది 18 దాకా తగ్గుతుంది. అమెరికా వాళ్ల సాయంత్రం మనకి తెల్లవారుజాము, చంటిపాపతో అది కష్టం. పైగా వాళ్ల దేశపు నియమం మారితే మీ బతుకు తారుమారు. 2021 జూలైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ కంపెనీల మీద ఆంక్షలు పెట్టి విదేశాల్లో ఉన్న టీచర్లతో పాఠాలు చెప్పించడం ఆపేయించినప్పుడు, వాటి మీదే ఆధారపడిన వేలమంది టీచర్లకు ఒక్కసారిగా పని పోయింది.

ఐఈఎల్‌టీఎస్ కూడా ఇప్పుడొద్దు. మీరు స్వయంగా ఆ పరీక్ష రాసి మంచి బ్యాండ్, అంటే స్కోరు, తెచ్చుకున్నాక చెబితే అందం. రీడింగ్, లిజనింగ్ సంగతి సరే, పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాల స్పీకింగ్ పరీక్షలో మూడు భాగాలుంటాయి, ఎదుటి మనిషి ఎక్కడ ఆపుతాడో, ఎలా లోతుకి తీసుకెళ్తాడో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. వేలు పోసి పరీక్ష రాసేవాళ్ల జీవితం అది, ప్రయోగాలు చెయ్యకూడదు.

యూట్యూబ్ పెట్టొచ్చు, డబ్బు కోసం కాదు. ఫోన్ చేసిన తల్లికి 'ఇది చూడండి' అని పంపడానికి నాలుగైదు చిన్న వీడియోలు ఉంటే చాలు. ఆరో తరగతి సైన్సు పాఠం మొదటి పేరా తీసుకుని తెలుగు, ఒడియాలలో విడమరిచి ఇంగ్లిష్‌లో ముగించండి. సబ్‌స్క్రైబర్ల లెక్క చూడటం మొదలుపెడితే మాత్రం దానికే టెన్షన్ పడుతూ కూర్చుంటారు.

ఒక జాగ్రత్త. పిల్లల ఆడియోలు, ఫొటోలు స్టేటస్‌లో పెట్టాలంటే తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, అనుమతి తీసుకోండి. పేరు, బడి పేరు తీసెయ్యండి. 'ముప్పై రోజుల్లో ఇంగ్లిష్', 'గ్యారంటీ' లాంటి మాటలు వాడకండి. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది, అబద్ధపు హామీలూ, అనుమతి లేకుండా విద్యార్థుల పేర్లు, ఫొటోలు వాడటమూ అందులో నిషేధం. అది పెద్ద సెంటర్లను ఉద్దేశించిందే అయినా, మన చిన్న ఊళ్లలో మాట తప్పితే ఏ చట్టం కన్నా ముందు పేరు పోతుంది.

చివరగా ఆ స్కూలు ఉద్యోగం. మీవారి మాటని కొట్టిపారేయకండి, ఇంటికి నెలనెలా ఖాయంగా వచ్చే డబ్బు కావాలనుకోవడంలో తప్పులేదు. ముందు వాళ్లను మూడు సంగతులు అడగండి: జీతం ఎంత, సెలవుల నెలల్లో ఇస్తారా, సాయంత్రం సొంతంగా ఆన్‌లైన్ క్లాసులు చెప్పుకోవడానికి అభ్యంతరం ఉందా. అభ్యంతరం లేకపోతే, పాపను చూసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే, చేరడమే మంచిది. ఆరో తరగతి గదిలో నిలబడితే పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో రోజూ కళ్లారా చూస్తారు, సాయంత్రం బ్యాచ్‌కి అది అక్కరకొస్తుంది. అదే బడి పిల్లలను మాత్రం సొంత ట్యూషన్‌లో చేర్చుకోకండి, మాటలొస్తాయి. అభ్యంతరం ఉందంటే జూన్ నెలాఖరు దాకా గడువు అడగండి. ఏప్రిల్, జూన్ రెండు దఫాల ప్రవేశాలూ అప్పటికి అయిపోతాయి. బ్యాచ్‌కి ఐదుగురు చొప్పున మూడు బ్యాచ్‌లు నిండితే మీకు నెలకు 12,000 వస్తుంది. నిండకపోతే అప్పుడు ఉద్యోగంలో చేరండి. వెళ్లిపోయిన ఆరుగురితో మాట్లాడాక ఏం తెలిసిందో నాకు మళ్లీ రాయండి. బ్యాచ్‌లు ఎలా విడదీయాలో అది చూసి చెబుతాను.